అద్దం లోపలి జింక

లోహాలు అతికే గ్యాస్ టార్చి చేతికిచ్చిన ప్రతి కొత్త కుర్రాడికీ ముప్పై నాలుగేళ్ల పాటు నేను ఒకే జోకు చెప్పాను. "జింకు అంటే జింక అనుకోండి. వేడి తగిలిందా, గెంతి పారిపోతుంది. చుట్టూ గాలి కూడా లేకపోతే దానికి అడ్డే లేదు. అందుకని వాక్యూమ్‌లో ఉండే అతుకు దగ్గరికి జింకును రానివ్వకండి." ప్రతి బ్యాచీ నవ్వేది. ఫోర్‌మన్ జోకు వేస్తే నవ్వక ఏం చేస్తారు? నేను మాత్రం జోకు బాగుంది కాబట్టే నవ్వుతున్నారనుకునేవాణ్ణి. ఆ జింక నేను రిటైరయ్యి సొంతూరు చేరేదాకా ఓపిక పట్టి, ఆర్మూర్‌లో, నలుగురూ చూస్తుండగా నా మీదికి దూకింది. ఆ కథే ఇప్పుడు రాస్తున్నాను. నేనిప్పుడు ఫోర్‌మన్‌ను కాను కాబట్టి మీరు మొహమాటం లేకుండా నవ్వుకోవచ్చు.

హైదరాబాద్‌లో నేను పనిచేసిన కర్మాగారంలో వాక్యూమ్ పరికరాలు తయారయ్యేవి. నాది బ్రేజింగ్ విభాగం. రెండు లోహపు ముక్కల మధ్య మూడో లోహాన్ని కరిగించి అతకడమే బ్రేజింగ్. వెల్డింగ్‌లో ముక్కలే కరుగుతాయి. ఇందులో ముక్కలు కరగవు, మధ్యలో వేసిన కడ్డీ మాత్రం కరిగి సందులోకి పాకుతుంది. చిల్లు పడ్డ బిందెకు మాటు వేయడం చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అతుకు చల్లారగానే పని అయిపోయిందని అందరూ అనుకుంటారు. కానీ ఆ అతుకు వేడిలో పనిచేసేదైతే, లోపల లోహాలు ఊరికే ఉండవు. ఇందులోది అందులోకి, అందులోది ఇందులోకి కంటికి కనపడకుండా జరుగుతూనే ఉంటాయి. వాటిలో జింకుకు నిలకడ మరీ తక్కువ. అది నెమ్మదిగా పైకి జరిగి, వాక్యూమ్‌లోకి ఆవిరై పోయి, ఎక్కడ చల్లగా ఉంటే అక్కడ అంటుకుంటుంది. అది ఖాళీ చేసిన చోట అతుకులో చిల్లులు మిగులుతాయి. ఇదంతా నాకు నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేంత తెలుసు. తెలిసి కూడా ఏం చేశానో చూడండి.

ఊరికి వచ్చిన మూడో నెలలో రైతుల సంఘం ఒకటి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. సంఘం అధ్యక్షుడు కమ్మర్‌పల్లి వైపు పసుపు రైతు, నాకంటే పదేళ్లు చిన్నవాడు. తవ్విన పసుపును ఉడకబెట్టి ఎండబెట్టాలి కదా, ఆ ఉడకబెట్టడం కట్టెల పొయ్యి మీద కాకుండా ఎండతో చేయాలని వాళ్ల ఆలోచన. దోనెలా వంచిన పొడవాటి అద్దాలు ఎండను ఒక గొట్టం మీదికి తిప్పుతాయి. గొట్టం రాగిది, అందులో నీళ్లు ఆవిరవుతాయి. వేడి బయటికి పోకుండా రాగి గొట్టం చుట్టూ గాజు గొట్టం, ఆ రెండింటి మధ్య గాలి తీసేసిన ఖాళీ, అంటే వాక్యూమ్. గాజు గొట్టానికి రెండు కొసల్లోనూ లోహపు టోపీలు ఉంటాయి. ఆ టోపీని రాగి గొట్టానికి అతకాలి. అలాంటి గొట్టాలు పన్నెండు కావాలి.

"హైదరాబాద్ పోతె ఎవలన్న అతుకుతరు సారూ. గని మన ఊరోడే గంత పెద్ద ఫోర్‌మన్ ఉండంగ బయటోళ్ల కాడికెందుకు పోవాలె?" అన్నాడు అధ్యక్షుడు.

'గంత పెద్ద' అన్న మాట నా చెవికి చాలా ఇంపుగా ఉంది. వెంటనే ఒప్పుకున్నాను.

పని జరిగే షెడ్డు హైవే నుంచి లోపలికి, గుట్టలు కనపడే చోట ఉండేది. షెడ్డు చూసుకోవడానికి నందిపేట్ దగ్గరి పల్లె నుంచి ఒకామె షేర్ ఆటోలో వచ్చేది. నలభై అయిదేళ్లుంటాయి. అంతకుముందు ఇరవై సీజన్లు పసుపు ఉడికించే పొయ్యిల దగ్గర కూలికి పోయిందట. ఆ పొగకు దగ్గు పట్టుకుంది. పొగ లేని పని, నెలనెలా ఉండే పని ఆమెకు ఇదే మొదటిది. సామాను సర్దడం, అద్దాలు తుడవడం, నీళ్లు చూసుకోవడం ఆమె వంతు. చూసిన వస్తువును మర్చిపోయేది కాదు. ఆ గుణం వల్ల నేను తర్వాత చాలా ఇబ్బంది పడ్డాను.

నా దగ్గర రెండు రకాల కడ్డీలుండేవి. తెల్ల కొస కడ్డీలో వెండి, రాగి మాత్రమే ఉంటాయి. వాక్యూమ్ అతుకులకు అది. ఎర్ర కొస కడ్డీలో జింకు కలుస్తుంది. తక్కువ వేడికే కరుగుతుంది, సులువుగా పారుతుంది, బయట నీళ్ల పైపులకు సరిపోతుంది. కొసన ఉన్న ఆ చుక్క రంగు తప్ప చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఆమె వాటిని బెంచీ మీద రెండు కుప్పలుగా సర్ది పెట్టింది. దసరా ముందు తెల్ల కొస కడ్డీతో రెండు గొట్టాలు నమూనాగా అతికి చూపించాను. అందరూ మెచ్చుకున్నారు. మిగతా పది పండుగ అయ్యాక చేద్దామనుకున్నాం.

దసరాకు పనిముట్లకు పూజ చేశాం. ఆర్మూర్‌లో పసుపు దగ్గర ఎవరూ చెయ్యి వెనక్కి తీయరు. అధ్యక్షుడు తన పొలం పసుపే గిర్నీలో పట్టించి తెచ్చాడు. నీళ్లు కలిపితే ముద్ద ముద్దగా వచ్చింది. టార్చికి, సిలిండరుకు, సుత్తికి, పట్టకారుకు అన్నిటికీ పట్టించారు. కడ్డీలు విడిగా ఉంటే అందంగా లేవని ఎవరో రెండు కుప్పలూ కలిపి, కట్టకట్టి, కొసల నుంచి మొదళ్ల దాకా పెళ్లికూతురికి నలుగు పెట్టినట్టు పసుపు పూశారు. ఎవరో ఏమిటి, నేనే. పైన కుంకుమ బొట్లు కూడా పెట్టాను. షెడ్డు ఆమెది క్రైస్తవ కుటుంబం. పూజలోకి రాకుండా తలుపు దగ్గర కొబ్బరికాయల పళ్లెం పట్టుకుని నిలబడింది. పూజ అయ్యాక నా దగ్గరికి వచ్చింది.

"సారూ, రెండు కుప్పలు ఒక్కటైనయి. కొసల రంగు కనవడ్తలేదు. కడిగి వేరు చెయ్యమంటరా?"

"పూజ పసుపు కడుగుతరా అమ్మా? నాకు చేతవడితె తెలుస్తది, ఫికర్ చెయ్యకు" అన్నాను.

చేత పడితే తెలుస్తుంది! ఈ మాట నా కింద పనిచేసిన కుర్రాడు అని ఉంటే ఆ రోజు టార్చి ముట్టనిచ్చేవాణ్ణి కాదు.

వారం తర్వాత పసుపు ఎండిపోయి కడ్డీలకు గట్టిగా పట్టేసింది. నేను వేళ్లతో ఒక్కొక్కటీ తడిమి, తల ఆడించి, ఇది తెల్లది, ఇది ఎర్రది అని వేరు చేశాను. చేతిలో ఏం తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. పది గొట్టాలూ రెండు రోజుల్లో అతికేశాను. కడ్డీ వెన్నలా కరిగింది. టార్చి దగ్గరికి తేవడమే ఆలస్యం, సందులోకి పారిపోయింది. ఇంత సులువుగా పారిందేమిటి అని అనుమానం రావాలి. నాకు అనుమానం రాలేదు, ఆనందం వచ్చింది. వయసు మీద పడ్డా చెయ్యి పడిపోలేదని ఇంటికి వెళ్లి మా ఆవిడతో చెప్పుకున్నాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "మంచిదే, చెయ్యి గట్టిగుంటే గీ నాలుగు వలువుండ్రి" అంది.

గొట్టాల్లో గాలి తీసి, మూసి, పరీక్షించాం. వాక్యూమ్ బాగానే నిలబడింది. జింకు ఇంకా లోపలే ఉంది కదా, ఎందుకు నిలబడదు?

జనవరిలో పసుపు తవ్వకాలు మొదలయ్యాయి. మొదటి పది రోజులు ఆవిరి జోరుగా వచ్చింది. పొద్దున తొమ్మిదిన్నరకే తొట్టిలో పసుపు ఉడకడం మొదలయ్యేది. పొగ లేకుండా పసుపు ఉడుకుతుంటే చూడ్డానికి చుట్టుపక్కల వాళ్లు వచ్చేవారు. ఆమె వాళ్లకు గొట్టాలు చూపించి వివరించేది. "గీ పొగ లేని పొయ్యి ముందుగాల వస్తే నా దగ్గు వస్తుండెనా?" అని ఒకరోజు నాతో అంది. నేను చిరునవ్వు నవ్వాను. ఆ నవ్వులో వినయం ఎంతుందో మీకు చెప్పలేను.

ఫిబ్రవరి వచ్చేసరికి ఆవిరి పదిన్నరకు రావడం మొదలైంది. తర్వాత పదకొండుకు, ఇంకొన్నాళ్లకు మధ్యాహ్నానికి. గాజు గొట్టాల కొసల దగ్గర బూడిద రంగు మసక కనపడింది. నేను చూసి వెంటనే తేల్చేశాను. పసుపు దుమ్ము, ఎర్రజొన్న కోతల దుమ్ము, దాని మీద పొద్దుటి మంచు. అంటే తుడవడం సరిగ్గా లేదు. షెడ్డులో అందరం గాజు గొట్టాలనూ అద్దాలనే అనేవాళ్లం.

"ఏందమ్మా, అద్దాలు సాఫ్‌గ తుడుస్తున్నవా?"

"దినాం రెండుసార్లు తుడుస్తున్న సారూ. గా మసి పోతలేదు."

"పోకుంటె ఎట్ల? చింతపండు నీళ్లు వెట్టి రుద్దు."

ఆమె చింతపండు పెట్టి రుద్దింది. నిమ్మకాయ పెట్టింది. మెత్తటి బూడిద పెట్టింది. మసక పోలేదు. షెడ్డు రిజిస్టర్లో నేను నా గుండ్రటి అక్షరాలతో రాశాను: 'అద్దాలు సరిగా తుడవలేదు. షెడ్డు మనిషిని హెచ్చరించాను.' అలా నాలుగుసార్లు రాశాను. కింద సంతకం, తేదీ. కర్మాగారం అలవాటు.

మధ్యలో ఒకసారి ఆమె ఇంకో సంగతి కూడా చెప్పింది. "తుడుస్తుంటె చెయ్యి సుర్రుమంటుంది సారూ. మొదట్ల గిట్ల లేకుండె. గా చివరి రెండు గొట్టాలు మాత్రం ఇప్పటికి సల్లగనే ఉంటయి."

లోపల వాక్యూమ్ ఉంటే బయటి గాజు చల్లగా ఉంటుంది. వాక్యూమ్ పోతే గాజు కాలుతుంది. ఇది మా దగ్గర అప్రెంటిస్‌కు మొదటి వారం చెప్పే పాఠం. ముప్పై నాలుగేళ్ల అనుభవం గల నేను ఏమన్నానో తెలుసా? "ఎండల వెట్టిన అద్దం కాలక సలి వెడ్తదా?" అన్నాను. అని, నా చమత్కారానికి నేనే నవ్వాను.

ఇంట్లో మా ఆవిడతో కూడా ఆమె మీద ఫిర్యాదు చేశాను. మా ఆవిడ, "ఇంట్ల చాయ సల్లగైతె నా తప్పంటరు. గాడ అద్దం మసిబారితె ఆమె తప్పంటున్నరు. పాపం, ఆమెకింక మీ సంగతి తెల్వది" అంది. నేను పట్టించుకోలేదు. ఇంట్లోవాళ్ల మాటకు విలువిచ్చే అలవాటు నాకు రిటైరయ్యాక కూడా రాలేదు.

చివరికి మార్చి నెలాఖరులో ఆ రోజు వచ్చింది. జిల్లా నుంచి వ్యవసాయం ఆఫీసర్లు, మూడు ఊళ్ల రైతులు చూడ్డానికి వస్తున్నారు. వాళ్లకు నచ్చితే ఆ మూడు ఊళ్లలోనూ ఇలాంటివి పెడతారు. నేను ఎనిమిదింటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని షెడ్డుకు వెళ్లాను. అధ్యక్షుడు రిజిస్టర్ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె గోడ దగ్గర గుడ్డ పట్టుకుని ఉంది.

"ఇయ్యాల్టితోని ఆమెను ఆపుదాం సారూ. రేపటి సంది వేరేటోళ్లను వెడుదాం. నాలుగుసార్లు మీరే రాసిన్రు గద" అన్నాడు.

ఆమె ఏడవలేదు. బతిమాలలేదు. "పొమ్మంటె పోత పటేలా. మల్ల పొయ్యిల కాడికే పోత. గని తుడవలేదన్న మాట మీద నేను పోను" అంది. నా వైపు తిరిగింది. "సారూ, జర ఒక్కసారి ఇటు రాండ్రి."

సబ్బు ముక్క తడిపి, గాజు మీద మసక అంచు వెంబడి ఒక గీత గీసింది.

"ఇప్పుడు కిందికి వంగి పక్క నుంచి చూడుండ్రి."

ఇస్త్రీ చొక్కాతో, మోకాళ్ల నొప్పితో వంగి చూశాను. గీత ఒక చోట ఉంది, మసక ఇంకో చోట ఉంది. మధ్యలో గాజు మందమంత ఎడం. తల అటూ ఇటూ తిప్పితే ఆ రెండూ ఒకదాన్నొకటి దాటిపోతున్నాయి.

"మసి లోపలుంది సారూ. నా బట్ట లోపలికి ఎట్ల పోతది?"

పది గొట్టాలూ వరసగా చూసుకుంటూ పోయాను. మసక అంతా కొసల దగ్గరే, నేను అతికిన చోటే. దగ్గర్నుంచి చూస్తే అది మసి కాదు, సన్నటి అద్దంలా మెరుస్తోంది. చివరి రెండు గొట్టాల దగ్గరికి వెళ్లేసరికి గాజు తేటగా ఉంది.

"వీటికెందుకు లేదు?" అన్నాను, ఆమెను కాదు, నన్ను నేనే.

ఆమే జవాబు చెప్పింది. "గవి దసరా ముందటియి సారూ. పసుపు పెట్టకముందు చేసినయి."

అప్పుడు దూకింది జింక. వెన్నలా కరిగిన కడ్డీ, కాలే గాజు, కొసల మీది పసుపు, చేత పడితే తెలుస్తుందన్న నా మాట అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. వాక్యూమ్‌లో ఉండాల్సిన పది గొట్టాల అతుకులకూ నేను జింకు కడ్డీ పెట్టాను. ఎండ పడ్డ ప్రతిరోజూ జింకు అతుకులోంచి బయటికి వచ్చి, చల్లటి గాజుకు లోపలి వైపు అంటుకుంటోంది. ఆమె రెండు నెలల నుంచి దాన్ని బయటి నుంచి తుడుస్తోంది. నిజంగా చాలా సిగ్గుపడ్డాను.

అంతలోనే జీపు వచ్చింది. ఆఫీసర్లు దిగారు, రైతులు చుట్టూ చేరారు. అధ్యక్షుడు నా భుజం మీద చెయ్యి వేసి, "మా ఫోర్‌మన్ సారు" అని పరిచయం చేశాడు. ఒక ఆఫీసరు, "అద్దాలు గిట్ల మసకైనయేంది?" అని అడిగాడు.

ఇక్కడ నేను వెంటనే నిజం చెప్పేశానని రాయాలని ఉంది. కానీ నేను నోరు తెరిచి అన్న మొదటి మాట, "గాజు క్వాలిటీ జర..." నిజంగానే అన్నాను. నా నాలుక నాకంటే చురుకైనది. వాక్యం సగంలో ఉండగా అధ్యక్షుడి చంకలో రిజిస్టర్ కనపడింది. దాని పక్కన ఆమె, గుడ్డను మడతపెట్టి సంచిలో పెట్టుకుంటోంది. వెళ్లిపోవడానికే పెట్టుకుంటోంది.

"గాజుది కాదు. ఆమెది కాదు. తప్పు నాది" అన్నాను. గొంతు పెద్దగా రాలేదు. వెనకవాళ్లకు వినపడలేదని మళ్లీ చెప్పమన్నారు. అలాంటి మాట రెండోసారి, ఇంకా గట్టిగా చెప్పాల్సి రావడం ఎంత కష్టమో మీకెవరికీ అనుభవం కాకూడదని కోరుకుంటున్నాను. కడ్డీల సంగతి, కొసల రంగుల సంగతి, జింకు సంగతి అన్నీ చెప్పాను. ఆమె దసరా నాడే కడుగుదామని అడిగిందని చెప్పాను. గాజు కాలుతోందని చెబితే నేను ఎగతాళి చేశానని కూడా చెప్పాను.

అధ్యక్షుడి మొహం వాడిపోయింది. "అంటె మా పసుపే కొంపముంచిందా సారూ?"

"పసుపేం చేస్తది పటేలా? అది రంగును కప్పింది. కడిగి చూడాల్సినోణ్ణి నేను."

ఎవరో వెనక నుంచి నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. నేను కూడా నవ్వడానికి ప్రయత్నించాను.

ఆమె అందరినీ చివరి రెండు గొట్టాల దగ్గరికి తీసుకెళ్లింది. మిగతావన్నీ మూసేసి, ఆ రెండింటి ఆవిరితోనే చిన్న గంగాళంలో ఒక గంపెడు పసుపు వేసి ఉడికించి చూపింది. రెండు గంటలకు పైగా పట్టింది. గంగాళం లోంచి ఉడికిన పసుపు వాసన వచ్చాక ఆఫీసర్లు ఒక కొమ్ము విరిచి చూసి, బాగుందన్నారు. అయినా ఆ ఏడాది మూడు ఊళ్లలో ఏ ఊరూ ముందుకు రాలేదు. ఆ నష్టం నా ఖాతాలోదే. పది గొట్టాలూ విప్పి, తెల్ల కొస కడ్డీతో మళ్లీ అతికాను. నాకిచ్చిన జీతంలోంచి రూపాయి కూడా ఎవరూ తిరిగి అడగలేదు, అది ఇంకా బాధగా ఉండేది. విప్పిన ఒక అతుకును రంపంతో కోసి చూస్తే, లోపల పురుగు పట్టిన పసుపు కొమ్ములా చిల్లులు. ఆ ముక్కను దాచుకున్నాను. మా ఇంట్లో టీవీ పక్కన ఉంటుంది. అదేమిటని అడిగినవాళ్లకు మా ఆవిడే చెబుతుంది, ఒక్క వివరం కూడా వదలకుండా.

మరుసటి ఏడు ఒక ఊరివాళ్లు వచ్చారు. వాళ్లకు అన్నీ నేర్పింది ఆమె. అప్పట్నుంచి ప్రతి దసరాకూ కడ్డీల కొసలకు ముందుగా ప్లాస్టిక్ కవరు కట్టి, మొదళ్లు మాత్రం బయటికి పెట్టి, పసుపు గిన్నె నా ముందుకు జరిపేది.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ మొదటి సాయంత్రం సంగతి. అందరూ వెళ్లిపోయాక రిజిస్టర్ అడిగి తీసుకున్నాను. నేను రాసిన నాలుగు చోట్లా వాక్యం కొట్టేద్దామని పెన్ను తీశాను. ఆమె చూసింది.

"కొట్టెయ్యకుండ్రి సారూ. గీత వెడితె అడుగున ఏమున్నదో కనవడది. గట్లనే ఉండనియ్యిండ్రి. మీరు రాసేది కింద రాయుండ్రి."

కొసల మీది పసుపు గుర్తొచ్చి పెన్ను వెనక్కి తీసుకున్నాను. కింద రాశాను: 'అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. మసక లోపలిది. తప్పు అతికినవాడిది.' రాసి ఆమెకు చూపించాను. ఆమె వేలు పెట్టుకుని నెమ్మదిగా చదివింది. చదివి రిజిస్టర్ మళ్లీ నా వైపు తిప్పింది.

"అతికినోడంటె ఎవలో, ఎనుక సదివెటోళ్లకు ఎట్ల తెలుస్తది సారూ?"

నా పేరు రాశాను. ఇంటిపేరుతో సహా, పొట్టి సంతకం కాకుండా పూర్తిగా రాశాను. ఆమె సిరా ఆరేదాకా ఊది, రిజిస్టర్ మూసి అల్మారాలో పెట్టింది. తర్వాత సంచిలోంచి గుడ్డ బయటికి తీసి, దులిపి, మళ్లీ గోడకున్న మేకుకు తగిలించింది.